జులై పదమూడు జాబితాలో లేని పాట

స్కార్‌బరో
6 మార్చి 2016

విల్ఫ్రెడ్ హేస్లం గారికి,

నేను ఏవ్రిల్‌ని. ఆర్మ్‌షాలో డక్‌వర్త్ వాళ్ల అమ్మాయిని. పగలు బార్లో మిల్లులో మగ్గాల దగ్గర పని, సాయంత్రాలు 'పేపర్ లూమ్స్' బ్యాండులో పాట. మీరు పిల్లింగ్ గారి రికార్డుల కొట్లో కౌంటరు వెనక ఉండేవారు. నేను పదిసార్లు పలకరిస్తే మీరు ఒకసారి తల ఊపేవారు. గుర్తొచ్చానా? ముప్పై నాలుగేళ్లయింది. జుట్టు నెరిసింది, ఒళ్లొచ్చింది. గొంతు మాత్రం అలాగే ఉందని మా అమ్మాయి అంటుంది. దానికి సంగీతం రాదు లెండి.

ఇక్కడ సముద్రం ఒడ్డున చిన్న గెస్ట్‌హౌసు నడుపుతున్నాను. ఆదివారాలు రేడియోలో పాత జాబితాలు వేస్తున్నారు. ఏదో ఒక ఏడాది, ఏదో ఒక వారం తీసుకుని, ఆ వారం ఎక్కువగా అమ్ముడైన నలభై పాటల్ని నలభయ్యో దాని నుంచి ఒకటో దాని దాకా వరసగా వినిపిస్తారు. ఇవాళ 1982 జులై రెండో వారం వేశారు. మా పాట ఉండదని నాకు తెలుసు. తెలిసీ ఇస్త్రీ చేస్తూ చివరిదాకా నిలబడి విన్నాను. ఒక దిండుగలీబు మాడిపోయింది.

మీరు ప్రతి మంగళవారం మధ్యాహ్నం రేడియో పక్కన కూర్చుని జాబితా అంతా నోటుబుక్కులోకి ఎక్కించుకునేవారు. తర్వాత కొట్టుకి వచ్చే అచ్చుకాగితం చూసి డెబ్బై అయిదు దాకా పూర్తి చేసేవారు. ఆ బుక్కులు ఉన్నాయా? జులై 6న మా 'నీ గొడుగు నా దగ్గరే' నలభై నాలుగో నెంబరని నా గుర్తు. నలభై మూడని మా డ్రమ్ములవాడు చచ్చేదాకా వాదించాడు. ఎవరిది నిజమో చూసి చెప్పండి.

ఒక్క మనవి. మా అన్న నెవిల్ ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నాడని తెలుసు. అతని గురించి ఒక్క ముక్క కూడా రాయొద్దు.

ఏవ్రిల్


ఆర్మ్‌షా
14 మార్చి 2016

ఏవ్రిల్‌కు,

ఉత్తరం అందింది. నువ్వు గుర్తున్నావు.

నోటుబుక్కులు ఉన్నాయి. పదకొండు. మంచం కింద రేకుపెట్టెలో పెట్టాను.

6 జులై 1982. నలభై నాలుగు. నీ మాటే నిజం.

13 జులై. లేదు. డెబ్బై అయిదు దాకా రెండుసార్లు చూశాను.

నాకు ఉత్తరాలు రాయడం అలవాటు లేదు. హారప్ కొండ మీద పల్లెటూరి బడిలో పదిహేనేళ్లు వచ్చేదాకా చదివాను. అక్కడ మాస్టారు మంచి దస్తూరీ నేర్పారు. ఏం రాయాలో నేర్పలేదు.

ఇక్కడ వాన.

నెవిల్ బాగున్నాడు. రాయొద్దన్నావు. రాశాక గుర్తొచ్చింది. కొట్టేస్తే కాగితం అసహ్యంగా ఉంటుందని ఉంచేశాను.

విల్ఫ్రెడ్ హేస్లం


స్కార్‌బరో
2 ఏప్రిల్ 2016

విల్ఫ్ గారూ,

ఇంత చిన్న ఉత్తరానికి అంత పెద్ద కవరెందుకండీ? లోపల ఇంకేదో ఉందేమోనని దులిపి చూశాను.

నెవిల్ ఊసు మీరే ఎత్తారు కాబట్టి చెప్తాను. అక్టోబరు ఎనిమిదిన నాకు అరవై నిండుతాయి. మా అమ్మాయి జోసెలిన్ విందు పెడతానంటోంది. "మామయ్యని కూడా పిలుద్దాం అమ్మా, నేను పుట్టాక ఒక్కసారైనా చూడలేదు" అని పట్టుబట్టింది. నేను కుదరదన్నాను. "ఏం చేశాడు ఆయన? మనిషినేమైనా చంపాడా?" అంది. పాటని చంపాడన్నాను. నవ్వింది. వాళ్లకి పాటలు ఫోనులో ఊరికే దొరుకుతాయి. నలభై నాలుగుకీ నలభైకీ మధ్య ఎంత దూరమో దానికేం తెలుసు?

మీకు తెలుసు. జాబితాలో నలభై దాటి లోపలికొస్తే దేశమంతా రేడియోలో వేస్తారు. గురువారం రాత్రి టీవీలో పాడమని పిలుస్తారు. ఇంకో నాలుగు మెట్లు. అప్పుడు వేక్స్ సెలవులు, మిల్లులన్నీ రెండు వారాలు ఒకేసారి మూసేశారు, మనూరు మనూరంతా బ్లాక్‌పూల్‌లోనే ఉంది. నేనూ ఉన్నాను. ఊళ్లోవాళ్లు తలా ఒక రికార్డు సూట్‌కేసులో పెట్టుకొచ్చి, డాన్సు హాళ్లలో పాటలు వేసేవాళ్ల చేతుల్లో పెట్టి "మా పిల్లది, వెయ్యి" అని వెంటపడ్డారు. ఒకాయన మైకులో దణ్ణం పెట్టేశాడు: "ఆర్మ్‌షా జనాలూ, ఈ పాట నా దగ్గర ఇప్పటికి పదకొండున్నాయి. ఇక తేకండి బాబూ!" ఆ రోజు నవ్వినంతగా మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు.

పదమూడు మంగళవారం బ్లాక్‌పూల్‌లో సముద్రంలోకి కట్టిన వంతెన మీద ట్రాన్సిస్టరు పెట్టుకుని విన్నాం. మా పేరు రాలేదు. సరే, నలభై ఒకటో రెండో అయ్యుంటుందనుకున్నాం. మర్నాడు తెలిసింది, అసలు జాబితాలోంచే తీసేశారని. వారం తర్వాత రికార్డు కంపెనీ నుంచి ఉత్తరం: "మీ సొంత ఊరి కొట్లో లెక్కలు అనుమానాస్పదంగా ఉన్నాయి. ఇకపై మీ రికార్డులు వెయ్యం."

మా వ్యాను నడిపేదీ, మా కచేరీలు కుదిర్చేదీ నెవిలే. సెలవులకి ముందు వారం రోజూ సాయంత్రం మీ కౌంటరు దగ్గరే వేలాడేవాడు. మీరు అమ్మకాలు రాసే ఆ పుస్తకం అతని చేతిలో ఉండగా నా కళ్లతో చూశాను. లేని అమ్మకాలు నాలుగు గీతలు ఎక్కువ రాసి ఉంటాడు. దేశంలో సగం కంపెనీలు అదే పని చేయించేవి కదా. నా మీద ప్రేమతోనే చేసి ఉంటాడు, అది కూడా తెలుసు. కాని అడిగితే ఒప్పుకోలేదు. నిప్పులాంటి మొహం పెట్టుకుని "నేను పెన్ను ముట్టలేదు" అన్నాడు. ఒక్క మాట ఒప్పుకుంటే చాలు, ఆ రోజే క్షమించేదాన్ని. ఇప్పటికీ అంతే. ఒప్పుకుంటే విందుకి పిలుస్తాను.

ఏవ్రిల్


ఆర్మ్‌షా
19 ఏప్రిల్ 2016

ఏవ్రిల్‌కు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

పాత నోటుబుక్కులు కూడా తీసి చూస్తున్నాను. ఒక్కో పేజీకి ఒక్కో వారం. ఆ మంగళవారాలు గుర్తొస్తున్నాయి.

పన్నెండున్నరకి గ్రామర్ స్కూలు పిల్లలు భోజనం మానేసి కొట్లోకి దూసుకొచ్చేవారు. రేడియో కౌంటరు మీద పెట్టేవాణ్ణి. వాళ్లలో బ్రెండా అని ఒక పిల్ల. "విల్ఫ్ గారూ, ఈ వారం ఒకటో నెంబరు ఎవరో చెప్పండి, మీకు ముందే తెలుసు" అనేది. నాకు తెలీదు. "తెలుసు, మొహం చూస్తే తెలుస్తోంది, దాచకండి" అనేది. పక్కవాడు "ఆయన మొహం చూసి వాన పడుతుందో లేదో కూడా చెప్పలేం, నోర్ముయ్యవే" అనేవాడు. నెంబర్లు చదువుతుంటే కొట్లో గుండుసూది పడినా వినిపించేది. తమకి నచ్చిన పాట రెండు మెట్లు దిగితే ఇంట్లో మనిషి పోయినట్టు కూర్చునేవారు. సాయంత్రం నేతపనివాళ్లు వచ్చి పందేలు తేల్చుకునేవారు.

అమ్మకాల పుస్తకం సంగతి. దేశంలో కొన్ని వందల కొట్లకే ఆ పుస్తకం ఇచ్చేవారు. ఎవరికిచ్చారో బయటికి చెప్పకూడదు. అయినా అందరికీ తెలుసు. ఒక రికార్డు అమ్మితే దాని నెంబరు ఒక గడిలో రాసి కింద గీత గియ్యాలి. శనివారం కొట్టు మూశాక లండన్‌కి పోస్టు చెయ్యాలి. ఆ పుస్తకాల లెక్కలతోనే జాబితా తయారయ్యేది. నా దస్తూరీ బాగుంటుందని పిల్లింగ్ గారు ఆ పని నాకిచ్చారు. కంపెనీల మనుషులు చొక్కాలు, పెన్నులు తెచ్చి "ఇంకో పది గీతలు గియ్యి విల్ఫ్" అనేవారు. నేను గియ్యలేదు. చొక్కాలు నాకు పొడుగు కూడా.

ఇంకా ఒకటి రాయాలి. ఇప్పుడు చీకటి పడింది. కళ్లు సరిగా కనపడవు.

విల్ఫ్


స్కార్‌బరో
8 మే 2016

విల్ఫ్ గారూ,

ఉత్తరం చాలా బాగుంది. రెండోసారి చదివితే తెలిసింది, నేను అడిగిన దాని గురించి అందులో ఏమీ లేదని.

మీరు ఎవరిదో పొడుగు చొక్కా గురించి రాశారు. గీతలు నేను గియ్యలేదని రాశారు. నెవిల్ గీశాడా లేదా అన్నది రాయలేదు. చీకటి పడిందట! ఏప్రిల్ నెలలో అంత తొందరగా చీకటి పడిపోయిందా? దీపాలు లేవా ఆ ఊళ్లో?

అతన్ని కాపాడుతున్నారా? శుక్రవారాలు కలిసి చిప్స్ తింటారేమో, స్నేహం కుదిరిందేమో. ఆ రోజు కూడా ఇంతే. వేక్స్ సెలవుల తర్వాత కంపెనీ ఉత్తరం పట్టుకుని మీ కొట్టుకొచ్చి "మా నెవిల్ మీ పుస్తకం ముట్టుకున్నాడా?" అని అడిగాను. మీరు గ్రామఫోను సూదులు కాగితంలో చుడుతున్నారు. తల ఎత్తకుండా "నేను చూడలేదు" అన్నారు. ఆ మాట అన్న తీరులోనే నాకు అర్థమైపోయింది, మీరు చూశారని. ఆ సాయంత్రమే అమ్మ ఇంటి నుంచి పెట్టె సర్దుకున్నాను.

ఇప్పుడు మీకు డెబ్బై ఎనిమిది. నాకు అరవై. మనిద్దరికీ భయపడాల్సిన వాళ్లెవరూ మిగల్లేదు. చూశారా, చూడలేదా? నోట్లో నీళ్లు పోసుకున్నట్టు కూర్చోకండి.

ఏవ్రిల్


ఆర్మ్‌షా
3 జూన్ 2016

ఏవ్రిల్‌కు,

చూశాను. నెవిల్ పుస్తకం చేతిలోకి తీసుకునేవాడు. రోజూ సాయంత్రం. వేలితో లెక్కపెట్టుకునేవాడు. "ఇవాళ ముప్పై ఒకటి, విల్ఫ్! మా చెల్లిది ముప్పై ఒకటి!" అనేవాడు. మళ్లీ జాగ్రత్తగా కౌంటరు మీద పెట్టేసేవాడు. పెన్ను ముట్టుకోలేదు. ఆ పుస్తకంలో ఒక్క అక్షరం కూడా ఇంకొకరిది లేదు. అన్నీ నావే. నూట ఎనభై ఆరు గడులు. నూట ఎనభై ఆరుమంది వచ్చి కొన్నారు. నువ్వు రాసినట్టు, సూట్‌కేసుల్లో పెట్టుకెళ్లడానికి.

నీ అన్న తప్పు చెయ్యలేదు. ఇది ముందు రాయాలని ముందు రాశాను. మిగతాది నిదానంగా రాస్తాను.

జులై మూడు శనివారం మధ్యాహ్నానికి ఊరు ఖాళీ అయిపోయింది. పిల్లింగ్ గారు కుటుంబంతో ఐల్ ఆఫ్ మాన్ వెళ్లారు. నేను ఎప్పుడూ ఎక్కడికీ వెళ్లను. అప్పటికి అమ్మ మంచం మీద ఉంది. కొట్టు తెరిచి కూర్చునేవాణ్ణి. బేకరీ మూత. కసాయి కొట్టు మూత. మిల్లు కూత కూడా లేదు. ఆ వారం మొత్తం నీ రికార్డులు మూడు అమ్మాను. రెండు పక్క ఊరి వాళ్లకి. ఒకటి పాస్టరు గారికి.

పన్నెండో తారీకు సోమవారం పొద్దున ఫోను మోగింది. నాకు ఫోనంటే పడదు. పిల్లింగ్ గారు లేరు కాబట్టి ఎత్తాను. లండన్ నుంచి. జాబితా తయారుచేసే ఆఫీసు.

"పుస్తకం రాసేది మీరేనా?"

"అవునండి."

"ఈ గొడుగు పాట. కిందటి వారం మీ కొట్లో నూట ఎనభై ఆరు. ఈ వారం మూడు. ఏంటిది?"

నేను ఫోను వైరు వేలికి చుట్టుకున్నాను.

"నూట ఎనభై ఆరూ నిజంగా అమ్మారా?"

"అమ్మానండి."

"మరి ఈ వారం మీ ఊరివాళ్లందరికీ ఒకేసారి చెవుడొచ్చిందా?"

ఆయన నవ్వాడు. చెడ్డవాడు కాదు. జవాబు కోసం ఆగాడు కూడా. నాకు కొట్టు అద్దంలోంచి వీధి కనిపిస్తోంది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా మనిషి లేడు. ఊరంతా వేక్స్ సెలవుల్లో ఉందండి, అని చెప్తే అయిపోయేది. అది మా మిల్లు ఊళ్లలో పుట్టిన పిల్లవాడికి కూడా తెలుసు. లండన్‌లో ఆయనకి తెలియదని నాకు తట్టలేదు. తెలిసి కూడా అడుగుతున్నాడంటే ఇంకేదో అడుగుతున్నాడనుకున్నాను. ఆయన మాట వేగం. నా మాట కొండ మాట. మళ్లీ ఎక్కడ నవ్వుతాడోనని నోరు తెరవలేదు.

"ఎవరైనా మీకేమైనా ఇచ్చారా? రాయమని?"

అప్పుడు కూడా మాట రాలేదు.

"సరే. అర్థమైంది" అని పెట్టేశాడు.

తిరిగి ఫోను చెయ్యొచ్చు. నెంబరు గోడ మీద రాసి ఉంది. మర్నాటి పొద్దున దాకా సమయం ఉంది. నాలుగుసార్లు వెళ్లి ఫోను ముందు నిలబడ్డాను. మంగళవారం మధ్యాహ్నం జాబితా వచ్చింది. రాసుకున్నాను. ఆ పేజీ ఒక్కటే దస్తూరీ బాగుండదు.

తర్వాత నువ్వు కొట్టుకొచ్చావు. "ముట్టుకున్నాడా" అని అడిగావు. లేదు అంటే, మరి ఎందుకు తీసేశారు అని అడుగుతావు. అప్పుడు ఫోను సంగతి చెప్పాలి. పిల్లింగ్ గారు లోపల గదిలో ఉన్నారు. ఉద్యోగం పోతుంది. అందుకని చూడలేదన్నాను. అది అబద్ధం. నాకు తెలిసి నేను ఆడిన అబద్ధం అదొక్కటే. నువ్వు ఊరు విడిచి వెళ్లావని మూడు రోజుల తర్వాత తెలిసింది.

అమ్మ పోయాక చెబుదామనుకున్నాను. కొట్టు మూసేశాక చెబుదామనుకున్నాను. నెవిల్‌కి కూడా చెప్పలేదు. ప్రతి శుక్రవారం చేపలూ చిప్సూ వేయించి అమ్మే కొట్లో వరసలో కనిపిస్తాడు. "ఏం విల్ఫ్, ఈ వారం మాటలు ఎన్ని ఖర్చుపెట్టావ్?" అంటాడు. తల ఊపుతాను.

ఈ ఉత్తరం పోస్టు చేస్తే నువ్వు ఇక రాయవని తెలుసు. మార్చి నుంచి పోస్టుమాన్ మా గుమ్మం దగ్గర ఆగుతున్నాడు. అంతకు ముందు ఆగేవాడు కాదు. అయినా పోస్టు చేస్తున్నాను.

విల్ఫ్రెడ్ హేస్లం


ఆర్మ్‌షా
24 జులై 2016

ఏవ్రిల్‌కు,

ఉత్తరం అందిందో లేదో అని రాస్తున్నాను. జవాబు కోసం కాదు. అందకపోతే నెవిల్ సంగతి నీకు తెలియకుండా పోతుంది. అందుకని మళ్లీ రాస్తున్నాను. అతను పెన్ను ముట్టుకోలేదు.

విల్ఫ్రెడ్


స్కార్‌బరో
11 సెప్టెంబరు 2016

విల్ఫ్రెడ్ గారికి,

అందింది. రెండూ అందాయి.

మొదటిది చదివి గదిలోంచి బయటికొచ్చి, ఆ వేళ దిగిన అతిథుల మీద అకారణంగా అరిచాను. పాపం, లీడ్స్ నుంచి వచ్చిన ముసలి దంపతులు. ఇంకో టవలు అడిగారంతే. ఆ రాత్రే మీకు ఒక ఉత్తరం రాశాను, పోస్టు చెయ్యలేదు. అందులో ఉన్నవి చదివితే మీరు ఆ మంచం కిందే దాక్కునేవారు. ఒక మనిషి ఒక్క మాట అనలేక నా పాటా పోయింది, అన్నా పోయాడు. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది. ఎవరైనా కుట్ర చేసి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. ఇంత చిన్న కారణాన్ని ఏం చేసుకోను?

ఆగస్టు ఆఖర్లో ఆర్మ్‌షా వచ్చాను. మీ ఇంటికి రాలేదు. కావాలనే రాలేదు. నెవిల్ తలుపు తట్టాను.

తలుపు తీశాడు. లావయ్యాడు. నాన్న ముక్కే వచ్చింది. నా చేతిలో మీ ఉత్తరం చూశాడు.

"ఏంటా కాగితం?"

"నువ్వు గియ్యలేదని విల్ఫ్ రాశాడు. చదువు."

"నేను గియ్యలేదని నాకు తెలుసు. చదివేదేముంది?"

"నెవిల్, తప్పు నాది..."

"ఈ కాగితం లేకపోతే వచ్చేదానివా?"

ఆలోచించాను. ఇంత దూరం వచ్చి అబద్ధం ఆడటం ఎందుకనిపించింది. "రాను" అన్నాను.

"అదీ" అన్నాడు. "ఆ రోజు నన్నడిగావు. కాదన్నాను. అక్కడితో ఆగావా? కొట్టువాడి దగ్గరకెళ్లి అడిగావు. నీ అన్న దొంగో కాదో తేల్చడానికి నీకు కౌంటరు వెనక సాక్షి కావాల్సొచ్చింది. ఇప్పుడా సాక్షి మాట మార్చాడు, నువ్వూ వచ్చావు."

ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకున్నాను. "లోపలికి రా, వేడంతా బయటికి పోతోంది" అన్నాడు. ఆగస్టులో వేడేంటో మరి. టీ పెట్టాడు. టీవీలో స్నూకరు వస్తోంది, అరగంట ఇద్దరం దాన్నే చూశాం. నాకు ఆ ఆట అర్థం కాదు. అతనికి కూడా అర్థం కాదని తర్వాత తెలిసింది. లేచేటప్పుడు అక్టోబరు ఎనిమిది సంగతి చెప్పాను. ముందు రోజే వచ్చేయమన్నాను. "చూద్దాం. అటు దారి బాగుండదు, అంతా కొండదారి" అన్నాడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాడు! రాడని నాకు అర్థమైంది.

మీ మీద కోపం పోలేదు. అది మీకు బరువుగా ఉంటే ఉండనివ్వండి. నేను తియ్యలేను.

ఏవ్రిల్


ఆర్మ్‌షా
1 అక్టోబరు 2016

ఏవ్రిల్‌కు,

నువ్వు ఊరికి వచ్చిన రోజు మా కిటికీలోంచి చూశాను. పచ్చ కోటు. బయటికి రాలేదు. అది సరైనదే అనుకున్నాను.

నిన్న శుక్రవారం చిప్స్ కొట్టుకి వెళ్లాను. నెవిల్ నాకు ముందు ఇద్దరి అవతల ఉన్నాడు. "ఏం విల్ఫ్, ఎన్ని ఖర్చుపెట్టావ్ ఈ వారం?" అన్నాడు.

నేను అన్నాను, "ఫోను నాకే వచ్చింది. చెప్పాల్సింది నేను చెప్పలేదు."

వరసలో అందరూ తిరిగి చూశారు. చేపకి పిండి పట్టించే మార్జరీ గరిటె అలాగే పట్టుకుని నిలబడింది.

"తెలుసులే. మా చెల్లి చెప్పింది" అన్నాడు నెవిల్.

"నీకు నేను చెప్పలేదు. ఇప్పుడు నేను చెప్తున్నాను. పుస్తకం నువ్వు పాడుచెయ్యలేదు. పాటని నేను పాడుచేశాను. నీ చెల్లెలు అడిగినప్పుడు అబద్ధమాడాను" అన్నాను. అంతా విన్నారు. వినాలనే కొంచెం గట్టిగా అన్నాను. కొంచెమే.

నెవిల్ వరసలోంచి బయటికొచ్చి నా ముందు నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. "నీ నోట ఇన్ని మాటలు ఒకేసారి వస్తాయని తెలిస్తే ఆ రోజే ఆ ఫోను పక్కన నిలబడి డొక్కలో పొడిచేవాణ్ణి" అన్నాడు. మార్జరీ నవ్వింది. ఎవరో "చేప మాడిపోతోంది" అన్నారు.

ఇద్దరం బయట గోడ మీద కూర్చుని తిన్నాం. పక్కపక్కన కూర్చోవడం ఇదే మొదలు. పొట్లం సగమయ్యాక "స్కార్‌బరో దారి బాగుండదు" అన్నాడు.

"బాగుంటుంది" అన్నాను.

"నీకేం తెలుసు? నువ్వు ఈ కొండ దాటింది ఎప్పుడు?"

"బస్టాండుకి వెళ్లి డ్రైవర్లని అడిగాను. ముగ్గుర్ని. కొత్త రోడ్డు వేశారట. మూడు గంటలు."

"ముగ్గుర్నా?" అన్నాడు. "నోరు తెరిచే?"

ఔనన్నాను. పొట్లం మడిచాడు. నీ మీద కోపం ఉందన్నాడు. కాగితం లేకుండా రానని నువ్వు మొహం మీదే చెప్పావట. "అబద్ధం చెప్పొచ్చు కదా" అన్నాడు. తర్వాత, "చెప్పి ఉంటే తలుపేసేవాణ్ణి" అన్నాడు. అర్థం కాలేదు. అడగలేదు.

వచ్చే శుక్రవారం పొద్దున బయలుదేరతాడు. కారు అతనిదే. కళ్లజోడు పెట్టుకున్నా దారి బోర్డుల మీద అక్షరాలు ఆలస్యంగా కనిపిస్తాయట. పక్కన ఒకడు కూర్చుని గట్టిగా చదవాలట. నన్ను రమ్మన్నాడు. వస్తానన్నాను.

నువ్వు పిలిచింది నెవిల్‌ని. నన్ను కాదు. అది నాకు తెలుసు. మీ గుమ్మం దాకా బోర్డులు చదివి, కారులో ఉంటాను. దుప్పటి తెచ్చుకుంటున్నాను. వెనక సీటు పొడుగ్గా ఉంది, చూశాను.

విల్ఫ్


స్కార్‌బరో
4 అక్టోబరు 2016
(కార్డు)

విల్ఫ్ గారూ,

కారులో పడుకుంటే మా ఎదురింటావిడ పోలీసుల్ని పిలుస్తుంది. మీకు మేడ మీద ఆరో నెంబరు గది ఇచ్చాను. మెట్లు ఎక్కువ, ఎక్కండి.

కోపం అలాగే ఉంది. శనివారం పొద్దున టిఫిను మాత్రం పెడతాను. గుడ్డు ఒక వైపు వేయించాలా, రెండు వైపులా? మా వంటింట్లో ఊహించి వండటం లేదు. బల్ల దగ్గర కూర్చుని, నా మొహం చూసి, నోటితో చెప్పాలి.

ఏవ్రిల్